విశాఖ–భీమిలి తీరంలో డాల్ఫిన్లు, తిమింగలాలు: ఎక్కడి నుంచి చూడాలి, ఏం రాయాలి, ఎవరికి చెప్పాలి?

పల్లె_కెరటం
అందరికీ నమస్కారం. జనవరి నుంచి మార్చి దాకా ఆదివారాలు పొద్దున్నే రుషికొండ–భీమిలి మధ్య ఒడ్డున నిలబడి డాల్ఫిన్లను లెక్కపెట్టాలని ఎనిమిది మందిమి అనుకుంటున్నాం. నెలకోసారి ఫైబర్ బోటు మీద లోపలికి కూడా. బైనాక్యులర్లు రెండు, 300 ఎంఎం లెన్సు ఒకటి ఉన్నాయి. ఎక్కడ నిలబడాలి, బోటు ఎంత దూరంలో ఆపాలి, ఏమేం రాసుకోవాలి, ఒడ్డున పడి ఉన్నది కనిపిస్తే ఏం చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. "ప్రకృతిని ప్రేమించండి" లాంటివి వద్దు, పని చెప్పండి చాలు.

దూర్బిని
ఒడ్డు సంగతి నేను చెబుతాను.

ముందు ఎత్తు. ఇసుక మీద నిలబడితే కంటి ఎత్తు మూడు నాలుగు మీటర్లే. దిగంతం ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా అలల వెనక రెక్క కనబడదు. రోడ్డు పక్క గుట్టో, కైలాసగిరి లాంటి కొండో ఎక్కితే నీటిని పై నుంచి చూస్తారు, దూరం కట్టడమూ కుదురుతుంది. చెయ్యి పూర్తిగా చాచి ఒక వేలు అడ్డంగా పెడితే దాని మందం సుమారు రెండు డిగ్రీలు. కంటి ఎత్తు 100 మీటర్లు అనుకోండి. దిగంతపు గీతకు ఒక వేలు కిందన డాల్ఫిన్ ఉంటే అది రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండు వేళ్ళ కింద అయితే 1.3 కిలోమీటర్లు, అర వేలు అయితే దాదాపు 4.4. కంటి ఎత్తు 40 మీటర్లే అయితే అదే ఒక వేలు కిలోమీటరుకు పడిపోతుంది. కాబట్టి నిలబడే చోటు ఎత్తు ఎంతో ముందే కనుక్కుని కాగితం మీద చిన్న పట్టిక రాసుకుని జేబులో పెట్టుకోండి. అక్కడికక్కడ ఊహించిన దూరాలు చాలా తప్పుతాయి.

ఇక మన తీరానికున్న అసలు పేచీ ఎండ. ఇక్కడ ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు ఉదయించేదీ అటే. పొద్దున గాలి ఉండదు, నీళ్ళు నూనెలా ఉంటాయి, కానీ సరిగ్గా ఎదురుగా తళతళ. మధ్యాహ్నం ఎండ వెనక్కి వెళుతుంది, వెలుతురు బ్రహ్మాండంగా ఉంటుంది, అప్పుడేమో సముద్రపు గాలి లేచి నురగలు వస్తాయి. అందుకని పొద్దున ఈశాన్యం వైపు భాగమే చూడండి. తళుకు ఉన్న భాగాన్ని "చూడలేదు" అని రాయండి, "ఏమీ లేవు" అని కాదు. ఈ రెండింటికీ తేడా రాయకపోతే ఆ లెక్క తర్వాత ఎవరికీ పనికిరాదు.

నురగ తలలు అక్కడక్కడా మొదలయ్యాయంటే బ్యూఫోర్ట్ 3 (గాలి, అలల తీవ్రత చెప్పే కొలమానం, 0 అంటే నిశ్చలం). అక్కడితో లెక్క ఆపేయండి. 0 నుంచి 2 లోపే చిన్న రెక్కలు నమ్మకంగా దొరుకుతాయి. పది నిమిషాలు చూపు, ఐదు నిమిషాలు విశ్రాంతి. మొదట మామూలు కంటితో, తర్వాత బైనాక్యులర్‌తో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా. చూసేవాడు రాయకూడదు, రాసేవాడు చూడకూడదు. ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లు అవుతారు, సరిపోతుంది.

సరంగు
బోటు సంగతి నేను రాస్తాను. మన ఫైబర్ బోటు 28 అడుగులు, అంటే ఎనిమిదిన్నర మీటర్లు. దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. డాల్ఫిన్‌కి 50 మీటర్లు అంటే ఆరు బోట్ల పొడవు. తిమింగలానికి 100 మీటర్లు అంటే పన్నెండు. చాలా దేశాల్లో పాటించే దూరాలు ఇవే. నీళ్ళ మీద మీటర్లు చెబితే ఎవరికీ అర్థం కాదు, "ఆరు బోట్లు" అంటే సుక్కాని పట్టినోడికి ఎంటనే తెలుస్తాది.

దగ్గరికి ఎల్లేది పక్క నుంచి. గుంపు ఎటు పోతుందో రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి, దాని దారికి సమాంతరంగా, కొంచెం వెనకపాటుగా, అవి పోయే వేగంతోనే నడపాలి. ఎదురెళ్తే దారి మూసినట్టు. తిన్నగా వెనకాల పడితే తరిమినట్టు. 300 మీటర్ల లోపుకి వచ్చాక వెనక అల లేవని వేగమే. తల్లికీ పిల్లకీ మధ్యలోకి బోటు పోకూడదు. పిల్ల ఉన్న గుంపైతే మామూలు దూరానికి ఇంకో ఆరు బోట్లు కలుపుకోండి.

ఒక గుంపు దగ్గర ఒక బోటు, మహా అయితే రెండు. ఇరవై నిమిషాలు, తర్వాత తప్పుకోవడమే. బోటు చెక్క మీద బాదడం, ఈలలు, తిండి విసరడం ఏదీ కుదరదు. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కర్నీ ఎక్కించుకోకండి.

చిలక_సముద్రం
సరంగు గారూ, బాగా చెప్పారు. దగ్గరికి వెళ్ళాక ఇంజన్ ఆపేయాలా, న్యూట్రల్‌లో ఉంచాలా అన్నది కూడా రాయండి. ఒడిశా చిలికా సరస్సులో సాతపడా వైపు ఇరావతి డాల్ఫిన్ల చుట్టూ బోట్లు గుమిగూడినప్పుడు ఇంజన్ ఆపిస్తేనే మేలని నా లెక్క. లోతు తక్కువ, ప్రొపెల్లర్ తగిలే ప్రమాదం అక్కడ నిజంగా ఉంది.

సరంగు
చిలికాలో మీరన్నదే సరి. సముద్రంలో మాత్రం నేను న్యూట్రల్ అంటాను. ఇంజన్ చప్పుడు ఉంటేనే బోటు ఎక్కడుందో వాటికి తెలుస్తాది. ఉన్నట్టుండి ఆపి, మళ్ళీ ఉన్నట్టుండి తాడు లాగి స్టార్ట్ చేస్తే బెదిరిపోతాయి. పైగా మన అవుట్‌బోర్డు ఇంజను ఒక్కోసారి ఎంటనే అందుకోదు, కెరటానికి బోటు గుంపు మీదకి కొట్టుకుపోతాది. అవే బోటు ముక్కు దగ్గరికొచ్చి ఆడుతుంటే ఇంకో లెక్క. అప్పుడు వేగమూ దారీ మార్చకుండా అలాగే పోనివ్వండి. ఫొటో కోసం చటుక్కున ఆపడం, తిప్పడం చేయకూడదు.

చిలక_సముద్రం
ఒప్పుకున్నాను. లోతు, గాలి చూసుకుని నిర్ణయించుకోవాలి. ఏదైనా సరే, బోటు వచ్చాక అవి ఏం చేశాయో రాయండి. చెదిరి ఉన్న గుంపు దగ్గరదగ్గరగా ముడుచుకోవడం, మునిగే సమయం పెరిగిపోవడం, దిక్కు మార్చి బోటుకు వీపు చూపడం, తోకతో నీటిని పదేపదే కొట్టడం. వీటిలో ఏది కనిపించినా ఇరవై నిమిషాల లెక్క అక్కర్లేదు, అప్పుడే వెనక్కి తగ్గాలి. జనం తోక కొట్టడం చూసి "మనకు టాటా చెబుతోంది" అని వీడియో పెడతారు!

పల్లె_కెరటం
జాతి ఎలా గుర్తుపట్టాలి? మావాళ్ళలో సగం మందికి అన్నీ "డాల్ఫినే".

రెక్క_గీత
పేరు ఆఖరున పెట్టండి. ముందు కనబడింది రాయండి: వీపు మీద రెక్క ఉందా, ఎలాంటిది, ముక్కు పొడుగా, గుంపు ఎంత, ఒడ్డుకు ఎంత దూరం, నీటి లోతు ఎంత.

ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్ళలో, ముక్కు ముందు బయటికి వచ్చి తర్వాత వీపు లేస్తే హంప్‌బ్యాక్ డాల్ఫిన్ అనుకోవచ్చు. పుస్తకాల్లో వీపు మీద ఎద్దు మూపురంలా ఉంటుందని రాస్తారు, అది పడమటి తీరం సంగతి. తూర్పు తీరంలో ఆ మూపురం అంత తెలియకపోవచ్చు. కాబట్టి మూపురం లేదని కొట్టిపారేయకండి. బాటిల్‌నోస్ అయితే ముక్కు పొట్టి, రెక్క ఎత్తుగా వెనక్కి వంగి కొడవలిలా ఉంటుంది. గాల్లోకి ఎగిరి ఒంటిని బొంగరంలా తిప్పుకుంటే స్పిన్నర్, ఎక్కువగా లోతు నీళ్ళలో, పెద్ద గుంపుల్లో. పైన పక్షులు, కింద సూర చేపలు ఉండే గుంపులను వేటకెళ్ళేవాళ్ళే ముందు చూస్తారు. వాళ్ళను అడగడం మంచిది. అసలు రెక్కే లేకుండా నల్లని గుండ్రటి వీపు ఒక్క క్షణం తేలి మాయమైతే ఫిన్‌లెస్ పార్పాయిస్ (డాల్ఫిన్‌ను పోలిన చిన్న జంతువు). అలల్లో దాన్ని పట్టుకోవడం కష్టం, ఫొటోకు అసలే దొరకదు.

పెద్దవాటిలో ఊపిరి చిమ్మే తీరు చూడండి. ఎడమకు ఒరిగి ముందుకు వంగి చిమ్మితే స్పెర్మ్ తిమింగలం. ముక్కు రంధ్రం తల ముందు ఎడమ మూలన ఉండటమే కారణం. నిట్టనిలువుగా చిమ్మితే వేరేవి. తల మీద ముక్కు నుంచి రంధ్రం దాకా మూడు గట్లు కనిపిస్తే బ్రైడ్స్ తిమింగలం.

ఇంకొకటి, పత్రికల్లో తరచూ జరిగే పొరపాటు. వేల్ షార్క్ తిమింగలం కాదు, సొర. తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది, మొప్ప చీలికలు ఐదు ఉంటాయి, ఒంటి నిండా తెల్ల చుక్కలు. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందకీ కదులుతుంది. 2021 డిసెంబరులో తంతడి తీరంలో వలకు చిక్కి, మళ్ళీ సముద్రంలోకి వదిలిపెట్టింది వేల్ షార్క్‌నే. చట్టం రెండింటినీ ఒకేలా కాపాడుతుంది, ఇద్దరూ 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) ఉన్నారు. కానీ నమోదు వేరే ఖాతాలో పడాలి.

దూర్బిని
"ఇద్దరూ" :) షెడ్యూల్ 1 అంటే అంత గౌరవమే ఇవ్వాలి లెండి.

పల్లె_కెరటం
రెక్క_గీత గారూ, ఫొటోల సంగతి? ఎవరికి పంపాలి?

రెక్క_గీత
రెక్క వెనక అంచున ఉండే గంట్లూ, కోతలూ మన వేలిముద్రల్లాంటివి. వాటితోనే ఒక్కో జంతువును వేరుగా గుర్తిస్తారు. ఫొటో రెక్కకు సరిగ్గా అడ్డంగా, పక్క నుంచి రావాలి. ఏటవాలుగా తీస్తే గంటు లోతు తప్పుగా కనబడుతుంది. షట్టర్ 1/1000 కంటే వేగంగా, ఎండ మీ వెనక. గంట్లు ఉన్నవాటినే ఏరి తీయకండి, ఎదురైన ప్రతి రెక్కనూ తీయండి. గుర్తులున్నవే తీస్తే గుంపులో ఎన్ని ఉన్నాయన్న అంచనా మొత్తం పక్కకు పోతుంది. బయలుదేరే ముందు కెమెరా గడియారాన్ని ఫోను గడియారంతో కలపండి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా చెడేది: అక్షాంశ రేఖాంశాలు. బోటు మీది జీపీఎస్ చాలావరకు డిగ్రీలు–నిమిషాల్లో చూపిస్తుంది. ఉదాహరణకు 17°41.50', 83°24.30'. దాన్ని నోటుబుక్కులో 17.4150, 83.2430 అని రాసేస్తారు. అది తప్పు. నిమిషాలను 60తో భాగించాలి: 17.6917, 83.4050. తప్పుగా రాసింది అక్షాంశంలోనే 30 కిలోమీటర్లు దక్షిణానికి పోతుంది. ఘోరం ఏమిటంటే ఆ తప్పు చుక్క కూడా సముద్రంలోనే పడుతుంది. నేల మీద పడితే ఎవరైనా పట్టుకునేవారు. అందుకే తెర మీద ఉన్నది ఉన్నట్టు గుర్తులతో సహా రాయండి, లేదా తెరకే ఫొటో తీయండి. టైము కూడా ఐఎస్‌టీయా (మన గడియారం టైము) యూటీసీయా (ప్రపంచ ప్రామాణిక టైము) చూసుకోండి, ఐదున్నర గంటల తేడా అక్కడే దూరుతుంది.

ఒక నమోదు ఇలా ఉంటే చాలు:

12 జనవరి, 07:42 ఐఎస్‌టీ. 17.6917, 83.4050. బోటు నుంచి. సముద్రం బ్యూఫోర్ట్ 1. మొదట చూసినప్పుడు దూరం 150 మీ., దగ్గరగా 110 మీ. కనీసం 6, నా అంచనా 8, మహా అయితే 10. అందులో పిల్ల 1 (తల్లి పొడవులో సగం కంటే తక్కువ). ముక్కు పొట్టి, రెక్క కొడవలి. ఈశాన్యానికి నెమ్మదిగా. 08:01కి తప్పుకున్నాం. ఫొటోలు 44.

సంఖ్య ఒక్కటే రాయకండి, మూడు సంఖ్యలు రాయండి. ఏమీ కనబడని ఆదివారం కూడా మొదలు, ముగింపు టైములతో నమోదు కావాలి.

పంపడానికి మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా వారి డేటాబేసు ఉంది. అందులో చూసినవీ, ఒడ్డున పడినవీ రెండూ పెట్టవచ్చు. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం ఉంది, వాళ్ళకూ ఒక కాపీ ఇవ్వండి. ఐనాచురలిస్ట్‌లో (జీవజాతుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైటు) పెడితే ముప్పున్న జాతుల చోటును అదే మసకబరుస్తుంది. ఫేస్‌బుక్‌లో మాత్రం "ఇప్పుడే ఇక్కడ" అని లొకేషను పెట్టకండి. గంటలో పది బోట్లు వస్తాయి.

పల్లె_కెరటం
ఒడ్డున ప్రాణంతో దొరికితే? మొదటి పని సముద్రంలోకి తోసేయడమే అనుకుంటున్నాం.

తడిగుడ్డ
కాదండీ. పశువైద్యం వైపు నుంచి చెబుతున్నాను, అది ఆఖరి పని. ఒడ్డుకొచ్చిన డాల్ఫిన్ చాలాసార్లు అప్పటికే జబ్బుతోనో గాయంతోనో ఉంటుంది. 2016 జనవరిలో తమిళనాడులో తిరుచెందూరు వైపు తీరానికి 80కి పైగా పైలట్ తిమింగలాలు కొట్టుకొచ్చాయి. జాలర్లు లోపలికి లాక్కెళ్ళి వదిలినవాటిలో కొన్ని మళ్ళీ ఒడ్డుకే వచ్చాయి.

మొదట ఫోను: 112, ఆపై అటవీశాఖ రేంజి ఆఫీసు. సముద్రంలో వలకు చిక్కినదైతే కోస్ట్ గార్డు 1554. రేంజి ఆఫీసరు నంబరు, మండల పశువైద్యుడి నంబరు సీజను మొదలుకాక ముందే రాసి పెట్టుకోండి. అక్కడ నిలబడి వెతకకూడదు.

వాళ్ళు వచ్చేలోగా జంతువును బోర్లా ఉంచండి. పక్కకు ఒరిగి ఉంటే నలుగురు కలిసి ఒంటి కింద నుంచి నెమ్మదిగా తిప్పండి. తోక పట్టి, రెక్క పట్టి లాగితే కీళ్ళు తప్పుతాయి, వెన్ను దెబ్బతింటుంది. పక్క రెక్కల కింద ఇసుకలో గుంతలు తీసి నీళ్ళు నింపండి. ఒంటి బరువు రెక్కల మీద పడకుండా ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. తడిపిన పాత దుప్పట్లు, పంచెలు వీపు మీద కప్పండి. తల పైన ఉన్న ఊపిరి రంధ్రాన్ని మాత్రం కప్పకూడదు. నీళ్ళు పోసేవాళ్ళు అత్యుత్సాహంతో చేసే పెద్ద తప్పు అదే: బకెట్టుతో తల మీద గుమ్మరించడం. నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నోట్లోనూ పోయకండి. నూనెలు, క్రీములు రాయకండి. ఎండ పడకుండా టార్పాలిన్ కట్టండి.

ఊపిరి లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు లెక్కించి ఐదుతో భాగించండి. డాల్ఫిన్‌కి నిమిషానికి రెండు నుంచి ఐదు మామూలు. పది దాటితే బాగా ఇబ్బందిలో ఉన్నట్టు. ఈ అంకె వచ్చిన వైద్యుడికి చెబితే సగం పని అయినట్టే. తోక వైపు నిలబడకండి. ఊపిరి వదిలే చోట మొహం పెట్టకండి, వాటి నుంచి మనకు అంటుకునే బ్రూసెల్లా వంటి జబ్బులున్నాయి. మాస్కు, గ్లోవ్సు తప్పనిసరి. కుక్కల్నీ, సెల్ఫీలనీ ముప్ఫై అడుగుల అవతలే ఆపండి. రెండోదే కష్టం.

చచ్చినదైతే కొలత తీసుకోండి. పై దవడ కొన నుంచి తోక మధ్య గంటు వరకు, ఒంటి వంపు మీదుగా కాదు, పక్కన ఇసుక మీద తిన్నగా. ఫొటోలు: మొత్తం పక్క, తల, పళ్ళు లేదా గొంతు మీది గాడులు, రెక్క, తోక అడుగు, పొట్ట కింద చీలికలు. చీలిక ఒకటే ఉండి దానికి రెండు పక్కలా చిన్నవి ఉంటే ఆడది, ముందొకటి వెనకొకటి ఎడంగా ఉంటే మగది. వల తాడు ఒరిసిన సన్నటి గీతలు రెక్కల ముందంచున, మూతి చుట్టూ చూడండి. వరసగా సమాంతరంగా గాట్లుంటే ప్రొపెల్లర్. ఉబ్బిన తిమింగలాన్ని కోయడం, ఎక్కడం చేయకండి, లోపల గ్యాసు ఒత్తిడి ఉంటుంది. పన్ను, ఎముక, అంబర్‌గ్రిస్ (స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే మైనం లాంటిది) ముద్ద ఏదీ ఇంటికి తీసుకెళ్ళకూడదు. దగ్గర ఉంచుకోవడమే నేరం.

దూర్బిని
కొలత ఎందుకు ముఖ్యమో చెప్పే సంగతి ఒకటి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి వచ్చిన కళేబరం 25 అడుగుల నీలి తిమింగలం అని పత్రికల్లో వచ్చింది. నీలి తిమింగలం పిల్ల పుట్టినప్పుడే దాదాపు 23 అడుగులు ఉంటుంది. అంటే ఆ కొలత, ఆ పేరు రెండూ నిజమైతే అది పసికూన. పెద్దదే అయితే పేరు మారిపోతుంది. ఇలాంటప్పుడు తల మీది గట్ల ఫొటో ఒకటి, తిన్నని కొలత ఒకటి ఉంటే వాదనే ఉండదు.

సరంగు
వలలో చిక్కినదాని గురించి ఒక మాట. బోటు మీదకి లాగకండి, వల కొయ్యండి. ఊపిరి రంధ్రం నీళ్ళ పైన ఉండేలా ఒకరు పట్టుకోవాలి, ఇంజన్ న్యూట్రల్. మెడ చుట్టూ, తోక చుట్టూ ఒక్క ఉచ్చు కూడా మిగలకూడదు, మిగిలితే పెరిగేకొద్దీ కోసుకుపోతాది. పెద్ద తిమింగలమైతే నీళ్ళలోకి ఎవరూ దిగకండి. వల ఖరీదు ఎవరిస్తారని మావాళ్ళు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే.

చిలక_సముద్రం
మహారాష్ట్రలో 2018 నుంచి అలా వల కోసి వదిలినవారికి 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు. గుజరాత్‌లో వేల్ షార్క్‌కు అంతకు ముందే ఉంది. అక్కడ డబ్బు రావాలంటే కోసే ముందు, కోసేటప్పుడు, వదిలాక ఫొటోలు కావాలి. ఇక్కడి సంఘాలు అడిగేటప్పుడు చేతిలో రుజువులు ఉండాలి కదా, కాబట్టి ఆ మూడు ఫొటోలు ఇప్పటి నుంచే అలవాటు చేయించండి సరంగు గారూ.

దూర్బిని
డ్రోను తీసుకెళ్దామని ఎవరైనా అంటే మొదట్లోనే వద్దనండి. నేవీ ఉన్న ఊరు. అనుమతి లేకుండా ఎగరేస్తే డాల్ఫిన్ల లెక్క కాదు, మీ లెక్క తీస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి బోటు రోజులు మార్చిలోపే పూర్తి చేసుకోండి.

పల్లె_కెరటం
అందరికీ ధన్యవాదాలు. వేళ్ళ పట్టిక, మూడు సంఖ్యల ఫారం ఇవాళే ప్రింటు తీస్తున్నాం. ఆఖరి ప్రశ్న: ఎనిమిది మంది ఫొటోలూ ఒకచోట చేర్చడానికి వాట్సాప్ గ్రూపు పెట్టాం, సరిపోతుందా?

రెక్క_గీత
ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, లోపలున్న టైము, లొకేషను రెండూ ఎగిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు మార్చకండి.